కొత్త సెల్ఫ్ వేసినా ఇంజిన్ తిరగదేం?

ప్రశ్న: నాది 2013 నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్. సెల్ఫ్ సరిగా పడటం లేదని మెకానిక్ రీకండిషన్ చేసిన స్టార్టర్ మోటార్ వేశాడు. ఇప్పుడు తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్కసారి మోగి ఊరుకుంటోంది. హెడ్‌లైట్ల వెలుగు తగ్గటం లేదు. తోస్తే మాత్రం స్టార్ట్ అవుతోంది. బ్యాటరీ కొని ఎనిమిది నెలలే. బల్బు పెట్టి చూస్తే స్టార్టర్ దాకా కరెంటు వస్తోందట, కాబట్టి ఈ మోటారూ పోయిందని, ఇంకొకటి కొనమని అంటున్నాడు. కొనమంటారా?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: ఇప్పుడే కొనకండి. తోస్తే స్టార్ట్ అవుతోందంటే ఇంజిన్ జామ్ కాలేదు, డీజిల్ అందుతోంది. ‘టక్’ అని మోగిందంటే తాళం, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి), స్టార్టర్‌కి వెళ్లే సన్న వైరు తమ పని చేశాయి, సోలనాయిడ్ (సెల్ఫ్ మీదుండే విద్యుదయస్కాంతపు స్విచ్చి) లాగింది. లైట్లు తగ్గలేదంటే మోటార్‌లోకి వెళ్లాల్సిన భారీ కరెంటు అసలు వెళ్లడమే లేదు. అంటే అనుమానించాల్సినవి: బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి), సోలనాయిడ్ లోపలి కాంటాక్టులు, మోటార్ బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు). పాత మోటార్ మంచిదే అయ్యుండి, అసలు జబ్బు వైర్లలోనే ఉండొచ్చు కూడా.

బల్బు వెలగడం సాక్ష్యం కాదు. 21 వాట్ల బల్బు తీసుకునేది 2 ఆంపియర్ల లోపే. డీజిల్ ఇంజిన్‌ని తిప్పే సెల్ఫ్ 200 ఆంపియర్లు దాటి లాగుతుంది. చిలుము పట్టిన థింబుల్ (వైరు కొసనున్న లోహపు కన్ను) దగ్గర 0.1 ఓమ్ అడ్డు ఉందనుకోండి: బల్బుకి 0.2 వోల్టు తగ్గుతుంది, కంటికి తేడా తెలియదు. అదే దారిలో 100 ఆంపియర్లు పోవాలంటే 10 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి, మోటార్‌కి మిగిలేది 2. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి కొలిచినా లాభం లేదు. మామూలు మీటరుకి అంత చిన్న విలువ నిక్కచ్చిగా అందదు. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు వోల్టులు కొలవడమే దారి.

మీటరు లేకుండా ముందు ఒక పని చేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస ఇంజిన్ మీద రంగు లేని లోహానికి పట్టించి తాళం తిప్పండి. ఇంజిన్ తిరిగిందా, దోషం ఎర్త్‌దే. సెల్ఫ్ మార్చాక ఇది తరచూ జరిగేదే. చాలా బండ్లలో ఎర్త్ వైరు గేర్‌బాక్స్ బోల్టుకో, సెల్ఫ్ బోల్టుకో ఉంటుంది, బిగించేటప్పుడు మర్చిపోతారు. రీకండిషన్ మోటార్లకు ఇంకో తంటా ఉంది. కొత్తగా కనబడాలని అంచుతో సహా పెయింట్ కొట్టేస్తారు. మోటార్‌కి ఎర్త్ దొరికేది ఆ అంచు నుంచే. దాన్నీ, అది కూర్చునే చోటునీ ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. ఎర్త్ తెగిన బండిలో కరెంటు గేరు కేబుల్ గుండా తిరుగు దారి వెతుక్కోవడమూ ఉంది. సెల్ఫ్ కొట్టాక కేబుల్ వేడెక్కితే అనుమానం అక్కర్లేదు.

తిరగకపోతే మల్టీమీటర్ తీసి 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఒకరు తాళం తిప్పి అయిదు సెకన్లు పట్టుకోవాలి, మరొకరు చూడాలి. సూదులు బ్యాటరీ క్లాంపు మీద కాదు, సీసపు గుబ్బ మీదే పెట్టాలి, లేకుంటే క్లాంపు కిందున్న తెల్ల పొడి దొరకదు. బ్యాటరీలో మామూలుగా 12.4–12.6 ఉండాలి. తర్వాత పాజిటివ్ గుబ్బకీ సెల్ఫ్ మీద ఆ వైరు బిగించే లావు స్టడ్‌కీ (మరలున్న కడ్డీకీ) మధ్య కొలవండి: 0.5 దాటితే ఆ వైరు, దాని థింబుళ్లు చూడాలి. నెగటివ్ గుబ్బకీ మోటార్ బాడీకీ మధ్య 0.3 దాటితే ఎర్త్ సంగతి.

ఈ రెండూ సున్నా దగ్గరే ఉంటే వైర్లు బాగున్నాయని సంబరపడకండి. కరెంటే పారకపోతే అక్కడ వోల్టు కూడా కనబడదు. అప్పుడు సోలనాయిడ్ రెండు లావు స్టడ్‌ల మధ్య, అంటే బ్యాటరీ వైరు వచ్చేదానికీ మోటార్ లోపలికి పోయేదానికీ మధ్య పెట్టండి. ‘టక్’ అన్నాక కూడా 12 వోల్టులు చూపిస్తోందంటే లోపలి కాంటాక్టులు కలవట్లేదు. మోటార్ స్టడ్‌కీ బాడీకీ మధ్య నిండు 12 ఉండి మోటార్ కదలకపోతే బ్రష్‌లు. ఈ రెంటిలో ఏదైనా సరే, మోటార్ వాపసు ఇచ్చి మార్చుకోండి. తాళం తిప్పినంతసేపూ ఆ 12 వోల్టులు ఎక్కడో ఒకచోట కనబడక తప్పదు; కనబడిన చోటే జబ్బు.

విప్పేముందు నెగటివ్ క్లాంపు తీసేయండి. లావు వైరు థింబుల్ దగ్గర రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూడండి. పైకి బాగానే ఉండి, లోపల తీగలు పచ్చగా పొడిపొడిగా మారి నాలుగైదు పోగులే మిగిలి ఉంటాయి. మరో మాట: స్టడ్ నట్టుని పొడవాటి పానాతో బలం కొద్దీ తిప్పితే స్టడ్ కూడా తిరిగి లోపలి కాంటాక్టు పక్కకు జరుగుతుంది. బాగున్న మోటార్ బిగించేటప్పుడే పోయేది ఇలాగే.

ప్రశ్న: సెల్ఫ్ మార్చాక తాళం తిప్పితే ‘టక్’ కూడా లేదు. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే పెట్రోలు కారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– విజయవాడ పాఠకురాలు

జవాబు: సోలనాయిడ్ మీది సన్న వైరు దగ్గర. ఆ ప్లగ్ ఊడిపోవడం, సగమే కూర్చోవడం మామూలు. దాన్ని తీసి, తాళం తిప్పించి, వైరు కొసకీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. బ్యాటరీ వోల్టేజీ దాదాపు అంతా వస్తే తప్పు సెల్ఫ్‌లో ఉంది. రాకపోతే ఫ్యూజ్ చూడండి; స్టార్టర్ రిలే తీసి, అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడండి. తర్వాత క్లచ్ పెడల్ దగ్గర టార్చి వేయండి. స్విచ్చిని నొక్కే చిన్న ప్లాస్టిక్ బొడిపె ఏళ్లకు పెళుసై రాలిపోతుంది. స్విచ్చి ఆ ఖాళీ రంధ్రంలోకి దూరి నొక్కుకోదు. పెడల్ కింద మ్యాట్ మీద ముక్కలు దొరికితే అదే. ఆటోమేటిక్ బండి అయితే ‘పీ’ (పార్క్)లో పలకనిది ‘ఎన్’ (న్యూట్రల్)లో పలుకుతుందేమో చూడాలి.

మీ ఊరివాళ్లకు ప్రత్యేకంగా ఒకటి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద లాంటి నీళ్లలో మునిగిన బండి ‘టక్’ అని ఆగి లైట్లు పూర్తిగా మందగిస్తే, సిలిండర్‌లో నీరు ఉండొచ్చు. మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, తోయొద్దు. పిస్టన్‌ని పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పాలి.

ప్రశ్న: కొత్త సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది, ఇంజిన్ కదలదు. ఎందుకు?
– వరంగల్ పాఠకుడు

జవాబు: పినియన్ (సెల్ఫ్ కొసనున్న చిన్న పళ్ల చక్రం) ఫ్లైవీల్ (ఇంజిన్ కొసనున్న పెద్ద చక్రం) పళ్లను పట్టట్లేదు. పాత, కొత్త మోటార్లు పక్కపక్కన పెట్టి పినియన్ పళ్లు లెక్కపెట్టండి. ఒక్క పన్ను తేడా ఉన్నా అది మీ బండిది కాదు. తిరిగే దిశ కూడా చూడండి. రెండూ సరిపోతే టాప్ గేరు వేసి బండిని ఒక అడుగు తోసి, న్యూట్రల్‌కి తెచ్చి మళ్లీ కొట్టండి. ఇప్పుడు పట్టుకుంటే ఫ్లైవీల్ పళ్లు ఒకచోట అరిగాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగేది దాదాపు ఎప్పుడూ ఫ్లైవీల్ మీద ఎదురెదురుగా ఉండే రెండు చోట్లే కనుక అరుగుదల కూడా అక్కడే. దానికి మందు రింగ్ గేర్ (ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ల వలయం) మార్చడమే, గేర్‌బాక్స్ దించాలి.