కింది దవడను వెనక్కి జరిపితే ఊపిరికి ఇబ్బంది అవుతుందా?

మీ తమ్ముడికి కింది దవడ ముందుకు పొడుచుకు వచ్చిందనీ, ఆపరేషన్ చేసి వెనక్కి జరపాలంటున్నారనీ, గురక కూడా ఉందనీ రాశారు. ఆ గురక సంగతి సర్జన్‌కు చెప్పారా? లేకపోతే ముందు ఆ పని చేయండి.

నాదీ అలాంటి దవడే. మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాలుకను ముందుకు లాగి ఉంచే పెద్ద కండరం గడ్డం ఎముక లోపలి వైపు అతుక్కుని ఉంటుంది. గూటానికి కట్టిన పడవలా, దవడ ఎటు జరిగితే నాలుకా అటే. దవడ వెనక్కి పోతే నాలుక వెనక గాలి దారి ఇరుకవుతుంది, ముందుకు వస్తే విశాలమవుతుంది. అందుకే స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగే జబ్బు) తీవ్రంగా ఉండి, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం పడనివారిలో కొందరికి రెండు దవడలనూ దాదాపు 10 మిల్లీమీటర్లు ముందుకు తెస్తారు. వెనక్కి జరిపిన ప్రతివారికీ ఆప్నియా వస్తుందని కాదు. ఒళ్లు ఉన్నవారు, ముందే గురక పెట్టేవారు, ఎక్కువ దూరం జరపాల్సినవారు మాత్రం ఆలోచించాలి.

మొదట చూపించుకున్న చోట కింది దవడ ఒక్కటే జరుపుతామన్నారు. నిద్ర గురించి ఒక్క ప్రశ్నా లేదు! రెండో సర్జన్ స్లీప్ టెస్ట్ చేయించారు. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, సన్నగిల్లిందో అందులో తెలుస్తుంది. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. నాది ఆ మధ్యన వచ్చింది. దాంతో పై దవడను ముందుకు తెచ్చి, కింది దాన్ని కొద్దిగానే వెనక్కి జరిపారు. పళ్లు కుదిరాయి. గురక పెరగలేదని ఇంట్లోవాళ్ల సాక్ష్యం. స్కాన్‌లో దారి బాగానే ఉందంటే సరిపెట్టుకోకండి, అది మెలకువలో తీసేది. కండరాలు సడలేది నిద్రలో.

తొలి రోజులు మాత్రం కష్టమే. పై దవడే ముక్కుకు అడుగు కాబట్టి ముక్కు బిగుస్తుంది, నోటికేమో పై పళ్లనూ కింది పళ్లనూ కలిపి పట్టే రబ్బర్లు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. వాంతి వస్తే రబ్బర్లు కత్తిరించడానికి మంచం పక్కన చిన్న కత్తెర ఉంచుకోమన్నారు. మన ఉక్కలో, కరెంటు పోయే వేసవి రాత్రుల్లో ఈ ఆపరేషన్ వద్దు. నేను వరదల కాలంలో చేయించుకున్నాను. ఇంటిల్లిపాదీ పులస పులుసు తింటుంటే నాకు రాగి జావ, మజ్జిగ, కొబ్బరి నీళ్లు. ముక్కు పనిచేయక వాసన కూడా దక్కలేదు.

వాపు పూర్తిగా తగ్గాక, కొన్ని నెలలకు, స్లీప్ టెస్ట్ మళ్లీ చేయించండి. భీమవరం, రాజమహేంద్రవరం వైపు దంత కళాశాలల్లో క్లిప్పులు వేసే డాక్టరు, దవడ సర్జన్ ఒకేచోట దొరుకుతారు. నిద్ర పరీక్షకు ఊపిరితిత్తుల డాక్టరునో, ఈఎన్‌టీ డాక్టరునో విడిగా కలవాల్సి రావచ్చు.