ముందు సున్నా చూసుకో బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సూర్యుడి అతినీలలోహిత వర్ణపటాలు తీసుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. కడుపు నిండినట్టయింది.

ఈ వెలుగు నేల దాకా రాదు, పైన గాలే మింగేస్తుంది. అందుకే 2013లో సూర్యుణ్ణి చూసే నాసా ఉపగ్రహం ఐరిస్‌ను పంపారు. దాని డేటా అందరికీ ఉచితం, మన పాలమూరులో కూర్చుని కూడా దించుకోవచ్చు. దాంతోనే మొదలుపెట్టు. మన ఆదిత్య-ఎల్1లోని సూట్ అనే దుర్భిణి ఫిల్టర్లతో బొమ్మలు తీస్తుంది, వర్ణపటంలో ఒక్కో మూలకానికి ఉండే గీతల్ని విడదీయదు. దాన్ని తర్వాత కలుపుకో.

మొదటి వారం కోడ్ రాయకు. గీతల్ని కంటితో చూడు. 2796 ఆంగ్‌స్ట్రాముల తరంగదైర్ఘ్యం దగ్గర మెగ్నీషియం గీతకు రెండు మూపురాలు, మధ్యలో గుంట ఉంటాయి. ఆ గుంట క్రోమోస్ఫియర్, అంటే సూర్యుడి ఉపరితలం మీదుండే పొర, దాని పైఅంచు నుంచి వచ్చే వెలుగు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణం నాడు ఇక్కడే మా వాకిట్లో నిలబడి ఆ పొరను చూశాను. నల్లటి బిళ్ల చుట్టూ సన్నటి ఎర్రంచు, అంతే. ఆ మెగ్నీషియం గీతకు ఒక్క గాసియన్ (గంట ఆకారపు వక్రరేఖ) తొడిగితే ప్రోగ్రాం ఏదో అంకె ఇస్తుంది, దాన్ని నమ్మకు. సిలికాన్ 1403 గీతకు మామూలుగా ఒకటే శిఖరం, అక్కడ గాసియన్ సరిపోతుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. వాయువు కదిలితే దాని గీత పక్కకు జరుగుతుంది; సిలికాన్ గీత 0.05 ఆంగ్‌స్ట్రాములు జరిగిందంటే వాయువు సెకనుకు దాదాపు 11 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నట్టు. ఇంత చిన్న జరుగుడుకు సున్నా, అంటే కదలిక లేనప్పుడు గీత ఉండే చోటు, ఎక్కడుందో తెలియాలి కదా! బత్తాయిలు తూచేముందు కాటాకు పాసంగం చూడమా? నేను చూడలేదు. ఒక చోట వాయువు గంటన్నరకోసారి లేచి పడుతోందని నెల రోజులు సంబరపడ్డాను. తీరా అది ఉపగ్రహం భూమిని చుట్టే సమయం. చుట్టు చుట్టుకూ పరికరం వేడెక్కి, చల్లబడి గీతల్ని జరుపుతోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నువ్వు 1401.5 దగ్గరున్న తటస్థ సల్ఫర్ గీతను పట్టుకో. అది వాతావరణం కింది పొరల్లో పుడుతుంది, అక్కడ కదలిక తక్కువ. చాలా పలుచగా ఉంటుంది, స్లిట్ (వెలుగు లోపలికొచ్చే సన్నటి చీలిక) పొడవునా సగటు తీస్తేనే తేలుతుంది. ఓపిక పట్టు. దాన్ని సున్నాగా పెట్టుకుని మిగతావి కొలువు. డేటాలో ముందే దిద్ది ఇచ్చారుగా అనుకోకు, నువ్వూ ఒకసారి చూసుకో.

మొదటి ప్లాట్ రాగానే ప్రింటు తీసి, సల్ఫర్ గీత ఎక్కడ నిలిచిందో పెన్నుతో గుర్తు పెట్టి నాకు పంపు.

మీ తాతయ్య