చలి తగలకుండా గూడు మూసేశాను, పిల్లలు రక్తపు రెట్ట వేస్తున్నాయి

ప్రశ్న: మాది ఏడాదిలో సగం రోజులు ముసురు పట్టి ఉండే చల్లటి ప్రాంతం. పెరట్లో 12 పెట్టలు, ఒక పుంజు, 5 వారాల పిల్లలు 15 ఉన్నాయి. చలిగాలి తగలకూడదని గూడు చుట్టూ టార్పాలిన్ కట్టేశాను. అయినా రోజుకు తొమ్మిది, పది వచ్చే గుడ్లు నాలుగుకు పడిపోయాయి. పొద్దున్నే తలుపు తీస్తే కళ్లు మండే వాసన. నాలుగు రోజులుగా పిల్లలు రెక్కలు వాల్చి మూల చేరుతున్నాయి, రెట్టలో రక్తం పడుతోంది, రెండు చనిపోయాయి. గూట్లోంచి తీసిన పెంటను క్యాబేజీ, పాలకూర మడులకు వేస్తే ఆకుల అంచులు మాడాయి. మిగిలిన నారును గుల్ల లేని నత్తలు రాత్రికి రాత్రే తినేస్తున్నాయి. కోళ్లను తోటలోకి వదిలితే నత్తలు తగ్గుతాయా? బాతులు కొనమంటున్నారు, కొనమంటారా?

జవాబు: ముందు పిల్లల సంగతి చూద్దాం. మిగతావి వారం ఆగినా పరవాలేదు, ఇది ఆగదు.

అయిదు వారాల వయసు, తడి నేల, రెట్టలో రక్తం. ఈ మూడూ కలిసి వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది కాక్సిడియోసిస్‌నే. దీన్నే రక్తపారుడు అంటారు. ఐమీరియా అనే సూక్ష్మజీవి పేగు గోడలో పెరిగి దాన్ని చీల్చేస్తుంది. రెట్టతోపాటు బయటపడే దాని తిత్తులకు చెమ్మ, కాస్త వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే జబ్బు అంటించే దశకు వస్తాయి. పిల్లలు అదే నేలను గీరి అవే తిత్తులను మళ్లీ తింటాయి. మీ గూట్లో ఆ చెమ్మకూ వెచ్చదనానికీ లోటు లేదు, టార్పాలిన్ కట్టి మీరే సమకూర్చారు. తప్పు పట్టడానికి అనడం లేదు, చలి అనగానే అందరూ చేసే పని ఇదే.

వీలైతే ఈ రోజే రెట్ట నమూనా పశువైద్యుడికి చూపించండి. సూక్ష్మదర్శిని కింద నిమిషాల్లో తేలిపోతుంది. ఈ జబ్బుకు మామూలుగా వాడే మందు ఆంప్రోలియం. నీళ్లలో కరిగే 20 శాతం పొడి అయితే లీటరుకు 0.6 గ్రాములు, తీవ్రంగా ఉంటే 1.2 గ్రాముల చొప్పున 3 నుంచి 5 రోజులు ఇస్తారు. ప్యాకెట్‌ను బట్టి శాతం మారుతుంది కాబట్టి మోతాదు డాక్టరుతో ఖాయం చేసుకోండి. ఆ రోజుల్లో మందు కలిపిన నీళ్లు తప్ప వేరే నీళ్లు అందకూడదు. చూరు కింద నిలిచిన వాన నీళ్లు కూడా. ఇంకో మాట, పిల్లలు నీరసంగా ఉన్నాయని చాలామంది అదే నీళ్లలో బి-కాంప్లెక్స్ కలిపేస్తారు. ఆంప్రోలియం పనిచేసేదే బి1 విటమిన్‌లా నటించి ఐమీరియాకు అసలు విటమిన్ అందకుండా చేయడం ద్వారా. మీరు బి1 పోస్తే మందు పని మందగిస్తుంది. విటమిన్లు కోర్సు అయ్యాక ఇవ్వండి.

పిల్లలను పెద్దవాటి నుంచి విడదీసి, కొత్తగా పొడి రంపపు పొట్టు పోసిన చోటికి మార్చండి. మొదటి వారం 35 డిగ్రీలతో మొదలుపెట్టి వారానికి 3 డిగ్రీల చొప్పున వేడి తగ్గించాలన్నది లెక్క. ఈ వయసుకు 22, 23 డిగ్రీలు చాలు. అంతకన్నా చల్లగా ఉంటే ఒక మూల బల్బు పెట్టండి. థర్మామీటరు లేకపోయినా బాధ లేదు. బల్బు కింద ఒకదానిపై ఒకటి ఎక్కితే చలి, గోడలకు అంటుకుంటే వేడి.

ఇప్పుడు గూడు. పెద్ద కోడికి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది, పైన ఈకల కంబళి. ఒళ్లు పొడిగా ఉన్నంతకాలం చలిని బాగానే ఓర్చుకుంటుంది. ఈక తడిస్తేనే ఆ కంబళి పనికిరాకుండా పోతుంది. ఒక చిన్న లెక్క చూడండి. పెట్ట రోజుకు సుమారు 120 గ్రాముల రెట్ట వేస్తుంది, అందులో ముప్పావు వంతు నీరే. అంటే బయట చినుకు పడకపోయినా మీ 12 పెట్టలు రోజుకు లీటరుకు పైగా నీళ్లు పోస్తున్నట్టే లెక్క. ఊపిరితో వచ్చే ఆవిరి దీనికి అదనం. నాలుగు వైపులా మూసేస్తే అది ఎక్కడికి పోతుంది? రేపు తెల్లవారకముందే టార్చి పట్టుకుని కప్పు లోపలి వైపు చూడండి, నీటి బొట్లు వేలాడుతూ ఉంటాయి. అవి మళ్లీ కోళ్ల వీపుల మీదే పడతాయి.

అందుకని టార్పాలిన్‌ను కింద మీటరు ఎత్తు వరకు ఉంచి పై భాగం విప్పేయండి. చూరు కింద ఎదురెదురు గోడలకు గాలి దారి ఉండాలి. కోళ్లు కర్రలెక్కి పడుకున్నప్పుడు ఆ దారి వాటి తలల కన్నా పైన ఉండాలి. గాలి మీదుగా పోవాలే తప్ప ఒంటికి కొట్టకూడదు. జల్లు లోపలికి కొడితే చూరును ఇంకో రెండడుగులు బయటికి లాగండి, ఆ గాలి దారిని మాత్రం మూయకండి. కళ్లు మండేదాకా వచ్చిందంటే రెట్ట నుంచి లేచే అమ్మోనియా వాయువు 25 పిపిఎం (గాలిలో పది లక్షల వంతులకు 25 వంతులు) పరిమితి దాటిందనే అనుకోవాలి. మీరు తలుపు తీసి ఒక్క క్షణం పీల్చారు, కోళ్లు రాత్రంతా ఆ గాలే పీల్చాయి. గుడ్లు తగ్గడానికి ఇదొక్కటి చాలు.

నేల మీద లిట్టర్ (రంపపు పొట్టు లాంటి పరుపు) 10 సెంటీమీటర్ల మందం తగ్గకుండా పరిచి, వారానికి రెండుసార్లు తిరగేయండి. పొడిగా ఉందో లేదో తెలుసుకోవడానికి గుప్పెడు తీసుకుని గట్టిగా పిండి వదిలేయండి. ఉండ కట్టి అలాగే ఉంటే తడి ఎక్కువ. కాస్త అంటుకుని వెంటనే విడిపోతే సరిగ్గా ఉంది. దుమ్ములా రాలిపోతే మరీ పొడి, అదీ మంచిది కాదు. రాత్రి రెట్టంతా కర్రల కిందే పడుతుంది కాబట్టి అక్కడ ఒక పలక పెట్టి పొద్దున్నే గీకేస్తే సగం తడి అప్పుడే బయటికి పోతుంది. నా అనుభవంలో ఇంత చవకైన పని, ఇంత ఫలితమిచ్చే పని ఇంకోటి లేదు, కానీ చెప్పిన పది మందిలో ఇద్దరు చేస్తారు. బూజు వాసన వేసే ఎండుగడ్డి మాత్రం పరచకండి, ఆ బూజు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. దాణా కూడా ముద్ద కట్టినా, ముక్కిన వాసన వచ్చినా పారేయాల్సిందే. బూజు విషం ఎండబెట్టినా, ఉడికించినా పోదు.

గుడ్లకు సంబంధించి ఇంకో కారణం వెలుతురు. పెట్టకు రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. మబ్బు రోజుల్లో చీకటి గూట్లో అది అందదు. చిన్న ఎల్‌ఈడీ బల్బును తెల్లవారుజామున వేయండి. సాయంత్రం వేస్తే ఆపిన క్షణంలో చీకటై, కర్రలెక్కని కోళ్లు నేల మీదే ఉండిపోతాయి. అయితే గూడు ఆరాకే బల్బు. ఈకలు రాలుస్తున్న పెట్టలకు కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వండి.

తోట విషయానికొస్తే, అంచులు మాడటానికి కారణం పచ్చి పెంట. కోళ్ల పెంటలో నత్రజని చాలా ఎక్కువ, పచ్చిగా వేస్తే అమ్మోనియా, ఉప్పులు కలిసి లేత వేళ్లను కాల్చేస్తాయి. కింది ఆకులు అంచులు మాడకుండా మొత్తంగా పసుపైతే అది వేరే సమస్య. వానకు నత్రజని కొట్టుకుపోయిందో, నీళ్లు నిలిచి వేరు ఊపిరాడక పోయిందో చూసుకోవాలి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ నీళ్లు కనిపిస్తే మొక్కకు ఎరువు కన్నా ముందు ఎత్తు మడి కావాలి. 20 నుంచి 30 సెంటీమీటర్లు ఎత్తు చేస్తే సరిపోతుంది. వాన ఎక్కువ పడే నేలలు సున్నం కొట్టుకుపోయి పులుస్తాయి కూడా. పిహెచ్ (నేల పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) పరీక్ష చేయించి, తక్కువగా ఉంటే క్యాబేజీ మడికి వ్యవసాయ సున్నం వేయండి. పులిసిన నేలలో క్యాబేజీ వేళ్లు ఉబ్బి గడ్డలు కట్టే క్లబ్‌రూట్ తెగులు ఎక్కువ. బంగాళాదుంప మడికి మాత్రం సున్నం వద్దు, దుంప మీద గజ్జిలాంటి మచ్చలు పెరుగుతాయి.

గూట్లోంచి తీసిన లిట్టర్‌ను ఒకటికి రెండు, మూడు వంతుల ఎండుటాకులు కలిపి కుప్ప వేయండి. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మీటరుకు తగ్గితే చల్లటి చోట వేడెక్కదు. లోపల 55 డిగ్రీలు దాటాలి, మూడు నాలుగు సార్లు తిరగేసి బయటి పొర లోపలికి పోయేలా చూడాలి. మీరు విప్పిన ఆ టార్పాలిన్ ఉంది కదా, దాని అసలు చోటు ఈ కుప్ప మీద. కప్పకపోతే ఎరువు సారమంతా వాన నీళ్లతో పోతుంది.

ఇక నత్తలు. కోళ్లు చిన్న నత్తలను, మట్టిలోని వాటి గుడ్లను ఇష్టంగా తింటాయి. జిగురు పట్టిన పెద్దవాటిని ఒకసారి పొడిచి వదిలేస్తాయి. కానీ ఒక చిక్కుంది. నత్తల్లో, వానపాముల్లో గేప్‌వార్మ్ అనే శ్వాసనాళపు పురుగు పిల్లదశలో దాక్కుంటుంది. అవి తిన్న కోడి మెడ చాచి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటుంది. పెద్దవి కొంత తట్టుకుంటాయి, పిల్లలు తట్టుకోలేవు. మీ 15లో మిగిలిన వాటిని తోటలోకి అసలు రానివ్వకండి. పెట్టలకు రెట్ట పరీక్ష చేయించి, అవసరమైతేనే పురుగుల మందు పట్టించండి.

పెట్టలను కూడా విత్తే ముందు, పంట తీశాక మాత్రమే మడుల్లోకి వదలాలి. నారున్న మడిలోకి వదిలితే నత్తల కన్నా ముందు అవే గీరి పడేస్తాయి. పైగా అవి తిరిగే చోటల్లా పచ్చి రెట్ట పడుతుంది. అమెరికా సేంద్రియ ప్రమాణాలు పచ్చి పెంట వేశాక కోత వరకు, తినే భాగం మట్టికి తగిలే పంటలకు 120 రోజులు, తగలని వాటికి 90 రోజుల గడువు పెడతాయి. సాల్మొనెల్లా భయం అలాంటిది. పచ్చిగా తినే ఆకుకూరల విషయంలో ఆ గడువును మీరూ పాటించడం మేలు.

నారున్న మడుల్లో సాయంత్రం ఒక తడి చెక్కను బోర్లించి పెట్టండి. పొద్దున తిప్పితే దాని అడుగున గుంపుగా ఉంటాయి, ఏరి ఉప్పు నీళ్లలో వేయండి. మందు చల్లాలనుకుంటే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు తీసుకోండి. మెటాల్డిహైడ్ గుళికలు కోళ్లున్న ఇంట్లో పెట్టవద్దు, గింజలనుకుని తింటే బతకవు.

బాతులు నత్తలను కోళ్ల కన్నా బాగా తింటాయి, మొక్కలను కూడా తక్కువ గీరతాయి. అయినా ఇప్పుడే కొనవద్దు. నీళ్ల గిన్నె కనిపిస్తే చాలు చుట్టూ బురద చేస్తాయి, మీరు ఆరబెట్టిన గూడు వారంలో మళ్లీ మొదటికొస్తుంది. పిల్లలు కోలుకుని, కోళ్లకు దూరంగా వేరే గూడు, నీళ్లు పోయే వాలున్న చోటు సిద్ధమయ్యాక రెండు బాతులతో మొదలుపెట్టండి.