పెట్టె మూత అప్పుడే వేయకు

తమ్ముడూ,

నీ నవల మొదటి అధ్యాయం చదివాను. కొరియా యువరాజు సాడో కథ ఎత్తుకున్నావు, బాగుంది. కానీ మొదటి పేజీలోనే బియ్యప్పెట్టె మూత పడిపోయింది. 1762 ఎండాకాలం, ఇరవయ్యేడేళ్ల కొడుకు, కన్నతండ్రి యోంగ్జో రాజు ఆజ్ఞతో ఆ పెట్టెలో బంధించడం, ఎనిమిది రోజుల నరకం, చావు. ఇంత చెప్పేశాక తండ్రి రాక్షసుడని పాఠకుడు తేల్చేసుకుంటాడు. మిగతా మూడొందల పేజీలు ఎందుకు చదువుతాడు?

అసలు పెట్టే ఎందుకు? నేరస్థుడిగా శిక్షించి చంపితే అతని కొడుకు మీదా ఆ మచ్చ పడుతుంది, సింహాసనానికి అడ్డొస్తుంది. రాజు ఆశలన్నీ ఆ మనవడి మీదే. పైగా, మనవడు దక్కాలంటే కొడుకును వదులుకోక తప్పదని రాజుకు చెప్పింది సాడో కన్నతల్లే. ఆ సన్నివేశం నీ ప్లాన్‌లో లేదు. నాకైతే నవలంతా అక్కడే ఉందనిపిస్తుంది.

యువరాజు భార్య హ్యెగ్యోంగ్ రాసిన జ్ఞాపకాల్లో ఒక చిన్న సంగతి ఉంది. రాజు కొడుకును పిలిచి "అన్నం తిన్నావా" అని అడిగేవాడట. జవాబు వినగానే నీళ్లు తెప్పించుకుని చెవులు కడుక్కునేవాడట. మొదటి కొడుకు 1728లోనే పోతే, నలభై దాటాక పుట్టిన బిడ్డ ఇతను! 1749లో పాలన అప్పగించాక సొంతంగా నిర్ణయిస్తే తప్పు, అడిగితే ఇంత చిన్నదీ తేల్చుకోలేవా అని తిట్టు. నువ్వు రాసిన కత్తుల సీన్ల కన్నా ఈ చెవులు కడగడం ఎక్కువ భయపెట్టింది నన్ను.

అలాగని సాడోను అమాయకుణ్ణి చేయకు. బట్టలంటే అతనికి వింత భయం. ఒక జత తొడుక్కోవాలంటే ఎన్నో జతలు తెచ్చి పెట్టాలి, కొన్ని తగలబెట్టాలి. బట్టలు వేసేటప్పుడే తన ఉంపుడుగత్తె బింగేను కొట్టి చంపాడు. సేవకులెందరో చచ్చారు. నువ్వు అక్కడ "ఆవేశపడ్డాడు" అని తేల్చేసి దాటిపోయావు. చనిపోయినవాళ్లకూ రెండు పేజీలివ్వు.

ఇక సాక్షుల సంగతి. హ్యెగ్యోంగ్ రాసింది 1795 నుంచి 1805 మధ్య, అంటే భర్త పోయిన ముప్పై ఏళ్ల తర్వాత. పుట్టింటివాళ్ల మీద పడ్డ నిందలు తుడవాలన్న తాపత్రయం ఆమెది. ఆమె కొడుకు జోంగ్జో, అంటే రాజు ఆశలు పెట్టుకున్న ఆ మనవడు, ఇంకో రకం. 1776లో గద్దెనెక్కే ముందు తాతను వేడుకుని, తండ్రి గురించి ఆస్థాన దినచర్యల్లో ఉన్న రాతలను కడిగించేశాడు. రాజయ్యాక నేను సాడో కొడుకునని ప్రకటించాడు, 1789లో తండ్రి సమాధిని సువోన్ పట్టణానికి మార్చాడు, అక్కడ కోట కట్టాడు. ఒకరు రాసి, ఒకరు చెరిపి ప్రేమ చూపించుకున్నారు. ఎవరి మాటనూ పూర్తిగా నమ్మకు, అబద్ధమనీ కొట్టిపారేయకు.

ఈసారి 1744 పెళ్లితో మొదలుపెట్టి చూడు. ఇద్దరూ 1735లో పుట్టినవాళ్లే, పట్టుమని పదేళ్లు లేవు. ఆ పిల్ల కళ్లతో మామగారిని చూపించు. పండగకి ముందే పంపు. తర్వాత మనవలు దిగుతారు, నాకు కాగితం ముట్టుకునే తీరిక ఉండదు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య