పేలేవన్నీ బాంబులు కావు

కిందటి నెల ఎవరికో జవాబు రాస్తూ మధ్యలో ‘జోకు పేలింది’ అని ఒక మాట వాడేశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అది తెలుగే కాదని ఒకరు, బాంబుకి వాడే మాట నవ్వుకెందుకని ఇంకొకరు. సరే, ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ఈ ‘పేలడం’ సంగతే చూద్దాం.

*

మాస్టారూ, మా అబ్బాయి పిల్లలు సెలవలకి హైదరాబాదు నుంచి వచ్చారు. ఉక్కపోతకి చిన్నదాని వీపంతా పేలిపోయిందని కోడలికి ఫోన్లో చెబుతుంటే పక్కనే ఉన్న ఆ పిల్ల ‘నానమ్మా, నా వీపు పేలిపోయిందా?’ అని ఒకటే ఏడుపు. దాన్ని ఊరుకోబెట్టాక నాకే అనుమానమొచ్చింది. తలలో పేలంటాం, తినడానికి పేలాలంటాం, వాళ్ళ తాతగారు కోపమొస్తే నోటికొచ్చినట్టు పేలుతారు, దీపావళికి టపాకాయ పేలుతుంది. ఇవన్నీ ఒకటే మాటా, వేరువేరా?
– ఒక నానమ్మ, టెక్కలి

అమ్మా, ముందు తలలోవాటిని దువ్వి అవతల పడేద్దాం. అవి ఈ ఇంటివి కావు. ‘చేను’కి చేలు ఎలాగో ‘పేను’కి పేలు అలాగ, బహువచనం వచ్చేసరికి ‘ను’ ఎగిరిపోయి ఈ మాటలా కనిపిస్తుందంతే. తమిళంలో పేన్, కన్నడంలో హేను అంటారు కాబట్టి దాని చుట్టాలు వేరు, దాని ఊరు వేరు.

మిగిలినవన్నీ మాత్రం నా లెక్కలో ఒకే మాట. ఆ సంగతి తెలియాలంటే టపాకాయ దగ్గర కాదు, పేలాల దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే తుపాకి మందు మన ఊళ్ళకి రాకముందే మంగలంలో ఇసక పోసి గింజలు వేయించుకోవడం మనవాళ్ళకి తెలుసు. మొక్కజొన్న గింజ తీసుకోండి. దాని పైపొట్టు గట్టిది, లోపల పిండిపదార్థంతో పాటు కాస్త తేమ ఉంటుంది, బాగా పేలే రకంలో నూటికి సుమారు 14 పాళ్ళు. పొయ్యి సెగకి ఆ తేమ ఆవిరవుతుంది, బయటికి పోదామంటే పొట్టు పోనివ్వదు, లోపల ఒత్తిడి పెరిగి పెరిగి, వేడి 180 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి బయటి గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లయి, ఇక పొట్టు వల్ల కాక టప్పుమంటుంది. లోపలి పిండి నురగలా ఉబ్బి తెల్లగా బయటపడుతుంది. పొట్టుకి చిన్న పగులున్న గింజ పేలదు, ఆవిరి ముందే జారుకుంటుంది. మరీ ఎండిపోయిన గింజా పేలదు, లోపల తోసేదే లేదు కదా. డబ్బా అడుగున నిరుడు మిగిలిన గింజలు పొయ్యి మీద మాడతాయి గానీ పేలవని మీకు నేను చెప్పాలా!

అంటే పేలడానికి రెండు కావాలన్నమాట. లోపల తోసేదొకటి, పైన ఆపేదొకటి. ఈ రెండూ పెట్టుకుని మీ మనవరాలి వీపు చూడండి. మన సముద్రపు గాలిలో చెమ్మ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు, నానిన చర్మంలో చెమట వచ్చే సన్నటి దారులు మూసుకుపోతాయి. చెమట ఆగదు, లోపలే చేరి పైకి తోస్తుంది, చిన్నచిన్న కాయల్లా లేస్తుంది. అదీ పేలడమే, కాకపోతే చప్పుడుండదు. (పిల్లకి నైలాను గౌన్లు మాన్పించి పల్చటి నూలు బట్టలు వెయ్యండి. పొందూరు నేతే కానక్కర్లేదు, దాని ఖరీదు వింటే మీవారు మళ్ళీ పేలతారు.)

మీవారి సంగతికే వస్తున్నాను. ‘అవాకులు చవాకులు పేలడం’ అన్నప్పుడు మనం మాట్లాడడాన్ని అనడం లేదు, ఆపుకోవలసిన మాట ఆపుకోలేక బయట పడేసుకోవడాన్ని అంటున్నాం. పెదవి పొట్టులాంటిది, అది ఆపలేకపోయింది. అందుకే బాగా మాట్లాడినవాణ్ణి ‘ఎంత బాగా పేలాడో’ అని ఎవరూ మెచ్చుకోరు. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళ మధ్య నోరు పెడితే మా అమ్మమ్మ ‘ఏట్రా గుంటా, మంగలంలో పేలాల్లా ఎగిరిపడతన్నావు’ అనేది. ఒక్క తిట్టులో రెండర్థాలూ వచ్చేసేవి. రెండోసారి నోరు పెడితే ‘చెంప పేలిపోద్ది’ అనేది. ఇక్కడ మాత్రం లోపలినుంచి తోసేదేం లేదు, తగిలేదంతా బయటనుంచే. చప్పుడు ఒక్కటే టపాకాయ నుంచి అరువు తెచ్చుకున్నాం.

*

‘జోకు పేలింది’ అన్నది టీవీ వాళ్ళు పుట్టించిన మాట. మీలాంటి తెలుగు మాస్టార్లు కూడా రాస్తే ఎలాగండీ?
– ఒక రిటైర్డు ఉద్యోగి, శ్రీకాకుళం

ఎవరు పుట్టించినా పెంచింది జనమే కదండీ. 1863లో మన శ్రీకాకుళం పక్క పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు జనం మాటకి రాతలో చోటు కావాలని ఎంత పోట్లాడారో మీకు తెలియంది కాదు. ఆయన పేరు చెప్పుకుని ఆగస్టు 29న దండలేసి, 30న ‘ఇది తెలుగు కాదు’ అనడం నా వల్ల కాదు.

పైగా మాట ఎంత చక్కగా కుదిరిందో చూడండి. జోకులో అసలు సంగతి ఆఖరి మాట దాకా లోపలే దాచి ఉంచాలి. ముందే కాస్త జారిందా, పగులున్న గింజే. చెప్పాక విప్పి వివరించాల్సి వస్తే మరీ ఘోరం.

*

మా చిన్నప్పుడు ఎండుటాకుల మంటలో జీడిపిక్కలు కాల్చుకుని తినేవాళ్ళం. పిక్క పేలింది, జీడి చిమ్మింది, చెయ్యి పొక్కింది అనేవాళ్ళం. ఇప్పుడు మా పిల్లలు అన్నిటికీ ‘బ్లాస్ట్ అయింది’ అంటున్నారు. ఈ మాటల్లో నిజంగా తేడా ఉందా, మనమే అలవాటుకొద్దీ అంటామా?
– జీడిపప్పు పనిలో ఉన్న పాఠకుడు, పలాస

తేడా ఉంది, మీరు రాసిన మూడు మాటలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. జీడిపిక్క తొక్క రెండు పొరలది, ఆ పొరల మధ్య తేనెపట్టు గదుల్లాంటివాటిలో ఘాటైన నూనె ఉంటుంది. సెగకి పొర తెగింది కాబట్టి పేలింది. సన్నటి కంతలోంచి నూనె ధారగా వచ్చింది కాబట్టి చిమ్మింది. అది పడినచోట చర్మం లేచింది కాబట్టి పొక్కింది. ఈ మూడింటికీ బ్లాస్ట్ అంటే పప్పుకీ తొక్కకీ ఒకే ధర కట్టినట్టు.

చిచ్చుబుడ్డి చిమ్మాలి. అది పేలిందంటే సరుకు బాగాలేదని అర్థం, వెనక్కి గెంతాలి. కుక్కరు పేలుతుంది గానీ పాలు పేలవు, పొంగుతాయి. పైన మూత లేకుండా అంచు దాటేదానికి పొంగడమంటాం. వంశధార పొంగుతుంది, నాగావళి పొంగుతుంది, గట్టు ఆపలేకపోతే గండి పడుతుంది. నేలలోంచి నీరు మెల్లగా పైకొస్తే ఉబుకుతుంది, కన్నీళ్ళూ ఉబుకుతాయి. అన్నట్టు నవ్వొస్తే పగలబడతాం, దుఃఖమొస్తే గుండె బద్దలవుతుంది, ఈ రెండిట్లో దేనికీ ‘పేలడం’ వాడలేదు మనవాళ్ళు. ఎందుకో నాకిప్పటికీ సరదాగా ఉంటుంది.

ఇంకొకటుంది, మీకు నాకంటే బాగా తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మీ పలాస వైపు తీరం దాటినప్పుడు పేపర్లన్నీ ‘విరుచుకుపడింది’ అని రాశాయి. ఎప్పుడూ రాసే మాటే, ఎవరూ పట్టించుకోరు. ఆ తర్వాత ఉద్దానం వైపు వెళ్ళి, నడిమికి విరిగి పడున్న కొబ్బరి చెట్లూ కొమ్మలూడిన జీడితోటలూ చూశాకే అందులో ‘విరవడం’ ఉందని నాకు తట్టింది.

*

మా తాతగారి పాత కాగితాల్లో ‘చిన్నవానికి స్ఫోటకము వచ్చి తగ్గినది’ అని ఉంది. మావాళ్ళంతా ఏదో మందుగుండు ప్రమాదం అనుకుంటున్నారు. నాకైతే అనుమానమే. ‘విస్ఫోటనం’ అన్నా ‘స్ఫోటకం’ అన్నా ఒకటేనా?
– పాఠకురాలు, బొబ్బిలి

ప్రమాదమే గానీ మందుగుండుది కాదమ్మా, మశూచి. పాతకాలం వాళ్ళు రాతలో స్ఫోటకం అనేవారు, ఇంట్లో మాత్రం ఎవరూ అలా అనేవారు కాదు, ‘పెద్దమ్మవారు పోసింది’ అనేవారు. వీపు పేలిందంటాం, కురుపు పగిలిందంటాం, కానీ ఆటలమ్మ వచ్చినా సరే ‘పేలింది’ అనం. అమ్మవారు పోస్తుంది, తరవాత దిగుతుంది. చనువుగా మాట్లాడితే అమ్మకి కోపమొస్తుందని భయం. మన దేశంలో మశూచి ఆఖరి కేసు 1975లో, ప్రపంచంలో అది లేకుండా పోయిందని ప్రకటించింది 1980లో. రోగంతోపాటే ఆ మాటా పోయింది, అందుకే మీ ఇంట్లో దాన్ని బాంబు అనుకున్నారు. మీ తాతగారి తరం వాళ్ళలో ఎవరికైనా మొహం మీద గుంటల మచ్చలుంటే అవే ఆ ‘స్ఫోటకపు మచ్చలు’.

ఇక మాట సంగతి. రెండూ సంస్కృతంలోని ‘స్ఫుట్’ ధాతువు నుంచి వచ్చినవే. విచ్చుకోవడం, పగలడం దాని అర్థం. కొండ పగిలినా విస్ఫోటనమే, చర్మం మీద పొక్కు లేచినా స్ఫోటకమే. మొగ్గ విచ్చుకున్నా ఆ ధాతువే, ‘స్ఫుటంగా మాట్లాడవయ్యా’ అంటే కూడా అదే, విచ్చుకున్నట్టు విడివిడిగా, స్పష్టంగా అని.

ఇక్కడ నాకు ఒళ్ళు పులకరించే విషయం ఒకటుంది. భర్తృహరి లాంటి పాతకాలపు వ్యాకరణవేత్తలు మాటకి అర్థం ఎలా తెలుస్తుందని తల బద్దలుకొట్టుకున్నారు. ‘కలం’ అంటాం. ‘క’ పలికాక ‘ల’ వస్తుంది, అప్పటికి ‘క’ గాలిలో కలిసిపోయింది. ఆఖరి చప్పుడు వచ్చేసరికి ముందువేవీ మిగల్లేదు, అయినా కలం మొత్తంగా ఒక్కసారే మనసులో మెరుస్తుంది. అలా విచ్చుకునేదానికి వాళ్ళు పెట్టిన పేరు ‘స్ఫోటం’. ఇప్పుడు మన పేలడం పక్కన పెట్టి చూడండి. మందుగుండు, చర్మం, మాట, ఆ మూడూ ఇక్కడా ఉన్నాయి. ఒక భాష ఇంకోదాన్ని చూసి రాసుకున్నదని నేననను. పండితులు మాటలోంచి అర్థం పేలిందన్నారు, మా అమ్మమ్మ మాటే పేలిందంది, తేడా అంతే.

*

‘పేలవం’ కూడా పేలడం నుంచే వచ్చిందా? జోకు పేలకపోతే పేలవంగా ఉందంటున్నాం కదా సార్.
– డిగ్రీ విద్యార్థి, చీపురుపల్లి

బాగా పట్టుకున్నావు బాబూ, కానీ చుట్టరికం లేదు. పేలవం సంస్కృతం. అక్కడ దానికి మెత్తనిది, సుకుమారమైనది అని మంచి అర్థాలే ఉన్నాయి. మనదగ్గరికొచ్చి చప్పబడింది. పరీక్షలో ఎవరైనా అడిగితే ఇలాగే రాయి, ‘పేలనిది పేలవం’ అని మాత్రం రాయకు, వినడానికి ఎంత బాగున్నా.

*

ఈమధ్య వానలప్పుడు ‘మేఘ విస్ఫోటనం’ అంటున్నారు. మేఘం నిజంగా పేలుతుందా?
– రైతు, రాజాం

పేలదండీ. మేఘానికి తోలూ లేదు, పొట్టూ లేదు, నీళ్ళసంచీ కాదు అది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం ఇరవై ముప్ఫై చదరపు కిలోమీటర్ల చిన్న చోట గంటలో 100 మిల్లీమీటర్లో అంతకు మించో కురిస్తే దాన్ని క్లౌడ్ బరస్ట్ అంటారు, ఎక్కువగా కొండప్రాంతాల్లో చూస్తాం. ఆ ఇంగ్లీషు మాటని ఎవరో పొల్లుపోకుండా సంస్కృతంలోకి మార్చి మన మీదికి వదిలారు. లెక్క చెప్పాల్సినచోట అది ఉండనివ్వండి. మామూలు పెద్దవానకి కూడా విస్ఫోటనం అంటే మాత్రం నాకు చిరాకు. కుండపోత ఉంది కదా, ఆకాశానికి చిల్లు పడిందన్న మాటుంది కదా. రెండిట్లోనూ నీళ్ళు పైనుంచి కిందికే పడుతున్నాయి, పేలినట్టు నాలుగు వైపులకీ కాదు. మన పాత మాటలు వానని కాస్త సరిగ్గానే చూశాయి.

*

మరి పేలాల్సింది పేలకపోతే?
– పేరు రాయలేదు, ఆమదాలవలస

చీదేసింది అంటాం. ముక్కు చీదే చప్పుడు విన్నవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.