వీడియోకు చెవులు ఉండవు, చిన్నీ

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఆన్‌లైన్‌లో గిటార్ వీడియో పాఠాలకు చేరావనీ, నేర్చుకోబోయేది ఏకంగా ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు కల్పించి వాయించడం), మ్యూజిక్ థియరీ అనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. రాత్రి నిద్ర పట్టని మాట కూడా నిజమే. ఈ ఉత్తరం రాయకపోతే ఇవాళ కూడా పట్టేలా లేదు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. వాయించే ముందు ప్రతిసారీ శ్రుతి చూసుకో. లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ పెట్టుకో. రోజూ అరగంట కూర్చో, చాలు. ఒకే గురువు పాఠాలను చివరిదాకా పట్టుకో. ఇవాళ ఒకరివి, రేపు ఇంకొకరివి చూస్తే అందరి మొదటి పాఠమూ వస్తుంది, ఎవరి రెండో పాఠమూ రాదు.

మణికట్టు సంగతి మాత్రం తేలికగా తీసుకోకు. వేలి కొసలు మంట పుట్టడం మామూలే, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. కానీ మణికట్టులోనో ముంజేతిలోనో నొప్పి వచ్చినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆ క్షణమే గిటార్ కింద పెట్టు. బారే కార్డ్ (ఒక వేలితో తీగలను అడ్డంగా నొక్కి, కొన్ని స్వరాలు ఒకేసారి పలికించేది) పలకడం లేదని బొటనవేలితో గిటార్ మెడ నులిమేస్తూ కూర్చోకు. నొప్పి ఓర్చుకోవాలంటూ జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ కథ చెప్పేవాళ్లు నీకు తగులుతారు. 1928లో అగ్నిప్రమాదంలో అతని ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిన్న మాట నిజమే. కానీ అతను కోలుకుంటూ, మిగిలిన వేళ్లకు తగిన పద్ధతి వెతుక్కున్నాడు. దెబ్బతిన్న వేళ్ల మీద పంతం పట్టలేదు. ఆ ముక్క వదిలేసి కథ చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ఇక థియరీ. అది నేర్చుకుంటే భావం చచ్చిపోతుందని కొందరు అంటారు, నమ్మకు. ఆశువుగా పద్యం చెప్పే కవికి ఛందస్సు ఎప్పుడు అడ్డం వచ్చింది? అయితే గణాలు కంఠతా పట్టినవాళ్లందరూ ఆశుకవులు కాలేదు కదా! నీకు మొట్టమొదట మైనర్ పెంటటానిక్ అనే స్కేల్ (స్వరాల వరుస) బొమ్మ చూపిస్తారు: ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) దగ్గర, ఆరు తీగల మీద రెండేసి చుక్కలు. ఎ, సి, డి, ఇ, జి, అంతే, ఐదు స్వరాలు. కింద ఎ మైనర్ కార్డ్ మోగుతుంటే వాటిలో ఏది నొక్కినా చెవికి ఇంపుగానే ఉంటుంది. నేను బోల్తా పడింది అక్కడే.

నీ వయసులో నా దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. ఒక వైపంతా ఎ మైనర్‌లో డ్రమ్స్, బేస్, కార్డ్స్. దాని మీద రెండేళ్లు ఆ ఐదో ఫ్రెట్ వదలకుండా వాయించాను. కళ్లు మూసుకుంటే లీనమైపోయాననుకునేవారు. నిజానికి వేళ్లు వాటి దారిన అవి నడుస్తుంటే నేను ఎక్కడో ఉండేవాణ్ని. వేగం మాత్రం బాగా వచ్చింది.

ఒక సాయంత్రం తెలిసిన వాద్యకారులు కొందరు కలిసి వాయించుకుంటూ నన్నూ కూర్చోబెట్టారు. పాడే ఆవిడ గొంతుకు అనువుగా శ్రుతి ‘బి ఫ్లాట్’ అన్నారు. ఎ నుంచి బి ఫ్లాట్‌కు ఒక్క ఫ్రెట్టే కదా అని నా బొమ్మను ఆరో ఫ్రెట్‌కు జరిపేశాను. పాట బి ఫ్లాట్ మేజర్‌లో ఉంది, నేను బి ఫ్లాట్ మైనర్ వాయిస్తున్నాను. అదే బొమ్మను మూడో ఫ్రెట్‌కు దింపి ఉంటే జి మైనర్ పెంటటానిక్ అయ్యేది. దాని ఐదు స్వరాలూ బి ఫ్లాట్ మేజర్ పెంటటానిక్ స్వరాలే. మన పేర్లతో చెప్పాలంటే పాటలో ఉన్నది మేజర్‌కు చెందిన అంతర గాంధారం, నేను పదే పదే పొడుస్తున్నది దానికి ఒక ఫ్రెట్ కిందనుండే, మైనర్‌కు చెందిన సాధారణ గాంధారం. బ్లూస్ సంగీతంలో ఆ రాపిడిని కావాలనే వాడుకుంటారు, కానీ అది తెలిసి చేసే పని.

ఏదో తేడాగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. ఆగానా? వేగం పెంచాను. కీబోర్డు దగ్గరున్న పెద్దాయన నా వైపు చూడకుండానే ఒకే మీట నొక్కడం మొదలుపెట్టారు. డి. ముందు మెల్లగా రెండుసార్లు, తరువాత మూడుసార్లు, ఆపైన ఇంకాస్త గట్టిగా. అదేదో ఆయన అలవాటు అనుకున్నాను. పాట అయిపోయాక ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికి వస్తుంటే దారిలో వెలిగింది. పద్యం మధ్యలో ఆగిపోయిన పిల్లవాడికి తరువాతి మాట అందించినట్టు, ఆయన ఆ డితో నాకు పాటలోని గాంధారం అందిస్తున్నారు!

నలభై ఏళ్లయింది. తప్పు స్వరాలు వాయించిన సిగ్గు ఎప్పుడో పోయింది. అందించిన స్వరం వినిపించుకోలేదన్నది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తరువాత ఏడాదిపాటు గిటార్ పెట్టె తెరవలేదు. తెరిపించింది మీ అమ్మే. ఏ పని చేస్తున్నా కూనిరాగం తీయడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. “అన్నయ్యా, ఇది తీగ మీద పట్టుకో చూద్దాం” అంది. నాలుగు స్వరాలు పట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది, రెండేళ్లు వాయించిన మొనగాడికి! పట్టాక “ఇప్పుడు దీనికి నువ్వు బదులు చెప్పు” అంది. నేను నా పాత వేగమంతా చూపించాను. “ఒక్క మాట అడిగితే ఉపన్యాసం ఇస్తావేమిటి?” అని లేచిపోయింది. మర్నాడు మూడే స్వరాల్లో బదులు చెప్పి, ఆగాను. అప్పుడు నవ్వింది. వాక్యం ఎక్కడ ముగించాలో నాకు నేర్పింది అదేనని దానికి ఇప్పటికీ తెలియదు. నువ్వు చెప్పకు, నేనే చెబుతాను ఎప్పుడైనా.

కాబట్టి ముందు నోటితో పాడు, తరువాత వాయించు. గొంతు బాగాలేదని సాకులు చెప్పకు, నాది ఇంకా అన్యాయం. స్కేళ్ల జోలికి పోయేముందు కింద కార్డ్ ఏమిటో, అది ఎప్పుడు మారుతుందో విను. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే మూడు కార్డ్‌లు వరుసగా వాయించి చూడు. మొదటి దానిలోని సి అరమెట్టు (ఒక ఫ్రెట్) దిగితే రెండో దానిలోని బి అవుతుంది. ఎఫ్ రెండింటిలోనూ కదలకుండా ఉండి, మూడో దానిలో అరమెట్టు దిగి ఇ అవుతుంది. ఈ రెండు దారుల్లోనే ఒక వారం నడువు. స్కేల్ బొమ్మలన్నీ ఇవ్వలేనిది అక్కడ దొరుకుతుంది.

ఒక విషయంలో నీ అదృష్టానికి అసూయగా ఉంది. మా రోజుల్లో ఎల్పీ రికార్డును సగం వేగంతో తిప్పితే స్వరం సరిగ్గా ఒక స్థాయి దిగిపోయి, గిటార్ కాస్తా గొణుగుడు అయ్యేది. నీకు శ్రుతి చెడకుండా వేగం తగ్గుతుంది. వాడుకో. నచ్చిన సోలో (ఒక్క వాద్యం ముందుకొచ్చి వాయించే భాగం) ఒకటి తీసుకుని చెవితోనే పట్టు, రాసిపెట్టిన నోట్స్ చూడకు. జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గొమెరీ అంతటివాడు మరో జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ సోలోలను రికార్డులు విని చెవితోనే పట్టాడు.

చివరిగా నా అసలు భయం. ఆ పాఠాల్లోని గురువు ఎంత గొప్పవారైనా నీ వాయింపు ఆయనకు వినపడదు. వెనక మోగే ట్రాక్ నువ్వు తప్పినా ఆగదు, నీ కోసం ఒక్క స్వరం గట్టిగా నొక్కదు. గదిలో తలుపేసుకుని రెండేళ్లు గడిపేస్తావేమోనని నా బెంగ. పదిహేను రోజులకు ఒకసారైనా మనిషితో కలిసి వాయించు. ఆ మనిషికి వచ్చింది మూడు కార్డ్‌లే అయినా పరవాలేదు.

నెల తిరగగానే రెండు నిమిషాలు రికార్డు చేసి నాకు పంపు. బాగా వచ్చింది ఏరుకుని పంపకు, ఆ రోజు ఎలా వస్తే అలా పంపు. వెనక మీ అమ్మ కూనిరాగం వినిపిస్తే కత్తిరించకు. అది ఏ శ్రుతిలో ఉందో కనిపెట్టి కింద రాయి. నేను సరిచూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య