మెట్టు తేలనివ్వు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

"ఇంకెంత పడుతుందిలే" అంటూ పడుతున్న షేర్లని పట్టుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత పడగలదో 2020 చార్టు తీసి చూడు.

మార్చి 13 పొద్దున్నే నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 10 శాతం పడి, ట్రేడింగ్ ఆపాల్సిన హద్దు, అదే సర్క్యూట్, తగిలింది. ట్రేడింగ్ 45 నిమిషాలు ఆపేశారు. మళ్లీ తెరిచాక ఎగబాకి 9,955 దగ్గర ముగిసింది. అదే అడుగనుకుని కొన్నవాడు పది రోజులకే, 23న, 7,610 చూశాడు. అసలు అడుగు ఆ మర్నాడు, 7,511 దగ్గర. అక్కణ్ణుంచి మూడు రోజుల్లో 9,000 దాటింది, ఏప్రిల్ 3కి మళ్లీ 8,050 దాకా జారింది, కానీ 7,511 తెగలేదు. ఏప్రిల్ 9న 9,100 పైన ముగిసింది. కన్ఫర్మేషన్, అంటే పతనం ఆగిందన్న రుజువు, ఆ ముగింపే.

గుణుపురంలో పుట్టినవాడివి, వంశధార నీకు కొత్తా? వరదలో ఒక మెట్టు తేలగానే ఎవరైనా రేవులోకి దిగుతారా? పైనుంచి ఇంకో పోటు వచ్చినా ఆ మెట్టు మునగలేదంటే అప్పుడు కదా దిగేది!

అలా ఆగినవాడు అడుగు నుంచి 1,600 పాయింట్లు వదులుకున్నాడు. అది ఆగినందుకు కట్టిన రుసుము. నవంబరుకల్లా నిఫ్టీ జనవరి నాటి 12,430 దాటింది, కాబట్టి అతనికీ బాగానే మిగిలింది.

ఇప్పుడు నీ లెక్క. పెట్టుబడి 2 లక్షలు అనుకో, ఒక ట్రేడ్‌లో పోగొట్టుకోదగ్గది 1 శాతం, అంటే 2,000. షేరు 600 నుంచి పడుతూ 480కి వచ్చింది. స్టాప్‌లాస్, అంటే అక్కడికి పడితే నష్టానికైనా అమ్మేసే ధర, 470 పెడితే షేరుకి రిస్కు పది, కాబట్టి 200 షేర్లు కొనొచ్చు. 600కి తిరిగి వెళ్తే పది రూపాయల రిస్కుకి 120 లాభం, కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ 600 దాకా కూర్చునేదెవరు? 495 రాగానే చెయ్యి దురద పెడుతుంది. పైగా పడుతున్న షేరు ఏదో ఒక పొద్దున గ్యాప్‌తో, అంటే మధ్య ధరలు తాకకుండా ఒక్కసారిగా, 455 దగ్గర తెరుచుకుంటే నీ 470 స్టాప్‌లాస్ ఆ 455కే అమ్ముడవుతుంది. 2,000 అనుకున్నది 5,000 అవుతుంది.

ఆగితే ఎలా ఉంటుందో చూడు. షేరు 480 నుంచి 520కి లేచి, 492కి దిగి, మళ్లీ 520 పైన ముగిసింది. మర్నాడు 523కి కొని, స్టాప్‌లాస్ 492 కింద 489 దగ్గర పెట్టు. తేడా 34, కాబట్టి 58 షేర్లే వస్తాయి. అదే 15 రూపాయల గ్యాప్ ఇక్కడ పడినా పోయేది 2,842. తక్కువ షేర్లు వచ్చాయని ఏడవకు.

మధ్యాహ్నం 520 దాటిందని ఎగబడకు, సాయంత్రానికి కిందికొచ్చేవి బోలెడు. మూడున్నర దాటాక ముగింపు చూడు. ఆ రోజు వాల్యూమ్, అంటే చేతులు మారిన షేర్ల సంఖ్య, 20 రోజుల సగటు కన్నా ఎక్కువ ఉండాలి. ఆర్‌ఎస్‌ఐ (ధర జోరుని 0 నుంచి 100 దాకా కొలిచే సూచిక) 30 కిందికొచ్చింది కాబట్టి లేస్తుందనేవాళ్లని నమ్మకు. గట్టి పతనంలో అది రోజుల తరబడి అక్కడే పడుంటుంది.

పడుతున్న షేరునే కొని ఎదురీదాలన్న సరదా తీరకపోతే రిస్కు 1,000కి తగ్గించుకో. ఐదు రోజుల్లో కదలకపోతే స్టాప్‌లాస్ తగలకపోయినా బయటికి రా. కింద మళ్లీ కొని సగటు తగ్గించడం మాత్రం వద్దే వద్దు. లేస్తున్న షేరుని ఇంట్రాడేలో షార్ట్ చెయ్యడం, అంటే చేతిలో లేకుండానే ముందు అమ్మి అదే రోజు తిరిగి కొందామనుకోవడం, ఇంకా చెడ్డది. అప్పర్ సర్క్యూట్‌లో, అంటే ఆ రోజుకి పెరగగల హద్దు దగ్గర, ఇరుక్కుంటే తిరిగి కొందామన్నా అమ్మేవాడుండడు. నువ్వు ఇవ్వలేని షేర్లని ఎక్స్ఛేంజే వేలంలో (ఆక్షన్) కొంటుంది, ఎంతకి తేలుతుందో నీ చేతిలో ఉండదు.

ఇప్పుడు చేతిలో ఉన్నవాటికి స్టాప్‌లాస్ ఎక్కడ పెట్టావో ఒక్కోదాని పక్కన రాసి పంపు. పెట్టనివి ఉంటే అవే ముందు రాయి.

మీ మామయ్య